వెన్నెల కొలను పూడికలో దొరికిన రాజ్యం



క్రీస్తు శకం 674వ సంవత్సరం. కొరియా ద్వీపకల్పానికి ఆగ్నేయ మూలన సిల్లా అనే రాజ్యం, దానికి మున్ము అనే రాజు. ఆ ఏడాది మొదటి నెలలో చైనా టాంగ్ చక్రవర్తి గావోజోంగ్ ఆ రాజు పదవిని రద్దు చేశాడు. అప్పటికి టాంగ్ రాజధానిలోనే ఉంటున్న మున్ము సొంత తమ్ముడు కిమ్ ఇన్మున్‌ను సిల్లాకు కొత్త రాజుగా ప్రకటించాడు. సేనాపతికి సైన్యాన్నిచ్చి మున్ము మీదికి వెళ్ళమన్నాడు. రెండో నెల వచ్చింది. మున్ము తన రాజప్రాసాదం ఆవరణలో కొలను తవ్వించాడు.

ఈ రెండు సంగతులూ సమ్గుక్ సాగి అనే చరిత్ర గ్రంథంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. 1145లో కిమ్ బుసిక్ అనే పండితుడు కూర్చిన గ్రంథమది. రాజు కొలను తవ్వించి, గుట్టలు పోయించి, పూలమొక్కలు నాటించి, అరుదైన పక్షుల్నీ జంతువుల్నీ పెంచాడని అందులో ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నారు. శత్రువు దండెత్తి వస్తున్న వేళ ఆ పని ఎందుకు పెట్టుకున్నాడో చెప్పలేదు.

ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. ఈ రోజు మీతో మాట్లాడబోయేది ఆ కొలను గురించే. అది ఇప్పటికీ ఉంది. ఒకప్పటి సిల్లా రాజధాని, నేటి దక్షిణ కొరియాలోని గ్యోంగ్జు నగరంలో, నెలవంక ఆకారంలో ఉండే వోల్సంగ్ అనే పాత కోటకు ఈశాన్యాన ఉంది.

ముందు ఆ రోజుల పరిస్థితి కాస్త చెప్పుకుందాం. అప్పట్లో కొరియాలో మూడు రాజ్యాలు పోటీ పడుతుండేవి. బెక్జే, గోగుర్యో, సిల్లా. వాటిలో సిల్లా టాంగ్ చైనాతో చేతులు కలిపింది. 660లో బెక్జే పడిపోయింది, 668లో గోగుర్యో పడిపోయింది. తీరా చూస్తే, సాయానికి వచ్చిన చైనా సైన్యం వెనక్కి పోనంది. గెలిచిన నేలంతా తనదేనంది. మున్ము ఎదురు తిరిగాడు. ఓడిపోయిన గోగుర్యో వాళ్ళకు ఆశ్రయమిచ్చాడు, బెక్జే భూముల్ని తన పాలనలోకి తెచ్చుకున్నాడు. చక్రవర్తి కోపానికి కారణం అదే.

ఇక కొలను సంగతి. ఆపదలో కూడా రాజులకు విలాసాలే అని తేలిగ్గా అనేయవచ్చు. నాకు మాత్రం అలా అనిపించదు. నీ కిరీటం చెల్లదని ఒక సామ్రాజ్యం ప్రకటిస్తే, ఆ రాజు తన ఇంటి ముంగిట తవ్వకం మొదలుపెట్టాడు. రాతిగట్టు కట్టించడం, దూరం నుంచి నీళ్ళు తేవడం, చెట్లు ఎదగడం, ఇవన్నీ ఏళ్ళు పట్టే పనులు. పారిపోయే ఆలోచన ఉన్నవాడు అలాంటి పని మొదలుపెట్టడు. తన ప్రజలకూ, తన దగ్గర తలదాచుకున్న పరాయి రాజ్యాల ప్రభువులకూ, సరిహద్దు దాటి వస్తున్న సేనాపతికీ ఆయన ఇచ్చిన జవాబు అదేనని నేను నమ్ముతాను. 675, 676 సంవత్సరాల యుద్ధాల్లో టాంగ్ సైన్యం ఓడి వెనుదిరిగింది. 679లో రాజు యువరాజు కోసం ప్రాసాదం కట్టించాడు. దాని పేరు దోంగ్గుంగ్, అంటే తూర్పు ప్రాసాదం. ఈ కట్టడాల పెంకుల మీద సరిగ్గా 679కి సరిపోయే చైనా సంవత్సరం పేరు, ఒక ఇటుక మీద 680కి సరిపోయే పేరు తర్వాతి కాలంలో తవ్వకాల్లో దొరికాయి. గ్రంథం చెప్పిన మాటకు పెంకు సాక్ష్యం పలికిందన్నమాట.

కొలను మరీ పెద్దదేమీ కాదు. తూర్పు పడమరలు సుమారు 200 మీటర్లు, ఉత్తర దక్షిణాలు సుమారు 180 మీటర్లు. మన ఊరి చెరువులతో పోలిస్తే చిన్న కుంటే. కానీ గట్టు మీద నిలబడితే దాని అంతు దొరకదు. పడమటి గట్టు మలుపుల మూలలతో నిటారుగా కట్టిన రాతిగోడ, ఆ వైపు రాజమందిరాలు. ఎదురుగా ఉత్తరం, తూర్పు గట్లు మాత్రం సముద్రతీరంలా వంకరలు తిరుగుతాయి. ఒక కొమ్ము లోపలికి పొడుచుకొస్తుంది, ఒక చోట నీరు గట్టు వెనక్కి జారుకుంటుంది. మధ్యలో ఒకదానికొకటి పొంతన లేని కొలతలతో మూడు దీవులు. ఎక్కడ నిలబడ్డా కొలను మొత్తం ఒక్కచూపులో కనిపించదు. నీటికి అవతల ఇంకా ఏదో ఉందని మనసు అనుకుంటూనే ఉంటుంది. ఆ గట్టున ఉన్న పెద్ద విందుమందిరానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ఇమ్హేజొన్, సముద్రం వైపు చూసే మందిరం. ఆ మూడు దీవులు చైనా పురాణాల్లోని మూడు దివ్యపర్వతాలకు గుర్తని పండితులు చెబుతారు.

నీళ్ళు తెచ్చిన తీరు ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఆగ్నేయ మూల నుంచి కాలువ వస్తుంది. నీరు నేరుగా కొలనులో పడదు. తొట్టిలా తొలిచిన పెద్ద రాళ్ళు రెండు, ఒకటి ఎత్తులో, ఒకటి పల్లంలో ఉంటాయి. నీరు పై తొట్టి నిండి కింది తొట్టిలోకి, అక్కడి నుంచి కొలనులోకి జారుతుంది. వేగం తగ్గుతుంది, మట్టీ ఇసకా తొట్టిలోనే దిగిపోతాయి. నీళ్ళు బయటికి పోయే దారి ఉత్తరాన ఉంది. నిలువు రాతికి ఒకదానిపై ఒకటిగా రంధ్రాలు, వాటికి కర్ర బిరడాలు. ఏ బిరడా తీస్తే నీరు ఆ మట్టానికి దిగుతుంది. కాకతీయుల చెరువుల తూములు చూసినవాళ్ళకు ఈ ఏర్పాటు వివరించనక్కర్లేదు. ఇంత శ్రద్ధ నీటి మీద పెట్టినవాళ్ళు తామర మీదా పెట్టారు. తామర ఒకసారి పాకిందంటే నీటిని కనపడనివ్వదు. అందుకని కొలను అడుగున చదరపు కర్రచట్రంలో తామర దుంపల్ని బిగించి, అవి పాకకుండా ఆపారని తవ్విన పరిశోధకులు తేల్చారు. నీటి మీద చంద్రుడు కనిపించాలంటే తామరకు హద్దు గీయాల్సిందే కదా.

మున్ము 681లో పోయాడు. తన శరీరాన్ని పడమటి దేశపు పద్ధతిలో దహనం చెయ్యమని ఆయన కోరాడు. వాళ్ళ దృష్టిలో పడమటి దేశమంటే బుద్ధుడు పుట్టిన మన దేశమే. అస్థికలను తూర్పు సముద్రంలో, తీరానికి దగ్గరగా ఉన్న బండల మధ్య ఉంచారనీ, ఆయన డ్రాగన్ రూపమెత్తి దేశాన్ని కాస్తున్నాడనీ కొరియా ప్రజలు చెప్పుకుంటారు. ఆ బండల్ని చూడటానికి ఇప్పటికీ జనం వెళుతుంటారు.

ఆయన పోయిన కొన్ని దశాబ్దాలకు సిల్లా నుంచి హేచో అనే యువభిక్షువు బయల్దేరి మన దేశమంతా తిరిగాడు. దక్షిణాపథం దాకా వచ్చాడు. అక్కడ కొండలో ఒక మహావిహారం ఉందనీ, నాగార్జునుడి కోసం యక్షులు దాన్ని కట్టారని చెబుతారనీ, తాను చూసేనాటికి భిక్షువులెవరూ లేక పాడుబడిందనీ రాసుకున్నాడు. ఆ యాత్రాగ్రంథం తాళపత్రాల్లో కాదు, చైనాలోని దున్‌హువాంగ్ గుహల్లో కాగితపు చుట్టగా 1908లో బయటపడింది. నాగార్జునుడి పేరు వింటే మన వాళ్ళకు కృష్ణాతీరం గుర్తుకు రాకుండా ఉండదు. ఆ కొలను చుట్టూ దీపాలు వెలుగుతున్న కాలంలోనే ఆ రాజ్యపు కుర్రవాడొకడు మన కొండల్లో దారి వెతుక్కుంటూ నడిచాడు. ఈ సంగతి నాకెంతో ఇష్టం.

ఇమ్హేజొన్‌లో విందులు చాలా జరిగాయి. 860 నాటి విందు ఒకటి చెబుతాను. హొనాన్ రాజుకు కొడుకులు లేరు. కొలువులో ఉంగ్ర్యొమ్ అనే పదిహేనేళ్ళ రాజబంధువు ఉన్నాడు. దేశం తిరిగి వచ్చావు కదా, మంచివాళ్ళెవరైనా కనిపించారా అని రాజు అడిగాడు. ముగ్గురిని చూశానన్నాడా పిల్లవాడు. గొప్ప ఇంట పుట్టి కూడా అందరికన్నా దిగువన కూర్చునేవాడొకడు. ధనవంతుడై ఉండి జనపనార బట్ట కట్టేవాడొకడు. అధికారం ఉండి కూడా దాన్ని ఎవరి మీదా చూపనివాడొకడు. రాజు కళ్ళనీళ్ళు పెట్టుకుని రాణి చెవిలో, ఎందరినో చూశాను గానీ ఇలాంటివాణ్ణి చూడలేదన్నాడట. కూతుర్నిచ్చి పెళ్ళి చేశాడు. ఆ పిల్లవాడే తర్వాత గ్యోంగ్మున్ రాజయ్యాడు. 881లో ఆయన కొడుకు హొన్‌గాంగ్ అదే మందిరంలో విందు చేసి, మైకం తలకెక్కాక తానే తంత్రీవాద్యం అందుకుని వాయించాడు. కొలువు వాళ్ళు పాటలందుకున్నారు.

తర్వాత యాభై ఏళ్ళకు అక్కడ పాటలు లేవు. సిల్లా చితికిపోయింది, కొత్త ప్రభువులు పుట్టుకొచ్చారు. 927లో గ్యోన్ హ్వోన్ అనేవాడు రాజధాని మీద పడి రాజును ఆత్మహత్యకు బలవంతపెట్టి, గ్యోంగ్సున్‌ను గద్దె మీద కూర్చోబెట్టి పోయాడు. ఉత్తరాన గోర్యో రాజ్యం నెలకొల్పిన వాంగ్ గొన్, 931లో 50 మంది గుర్రపు రౌతులతో చూడవచ్చాడు. గ్యోంగ్సున్ అతనికి ఇమ్హేజొన్‌లోనే విందు చేశాడు. విందు మధ్యలో రాజు తన దురవస్థ చెప్పుకుని ఏడ్చాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఏడ్చారు. వాంగ్ గొన్ కూడా కంటతడి పెట్టాడు. నాలుగేళ్ళకు, 935లో, గ్యోంగ్సున్ రాజ్యాన్ని అతనికి అప్పగించేశాడు. యువరాజు ఒప్పుకోలేదు. వెయ్యేళ్ళ దేశాన్ని ఒక్క ఉదయాన ఇచ్చేస్తామా అని వాదించి, తండ్రికి దండం పెట్టి, ఏడుస్తూ కొండల్లోకి వెళ్ళిపోయాడు. జనపనార బట్ట కట్టుకుని ఆకులలములు తిని బతికాడని అంటారు. కొరియా వాళ్ళు ఆయన్ను జనపనార యువరాజనే పిలుస్తారు. మున్ము యువరాజుల కోసం కట్టించిన ప్రాసాదపు కథ అక్కడితో ముగిసింది.

రాజధాని మారిపోయాక మందిరాలు కూలాయి. కొలనులో రెల్లు పెరిగింది, బాతులు చేరాయి. గోర్యో తర్వాత వచ్చిన చోసన్ రాజుల కాలపు కవులకు అక్కడ కనిపించినవి అవే. అందుకే ఆ నీటికి అనప్జీ, అంటే పెద్దబాతులూ బాతులూ ఉండే కొలను అనే పేరు వచ్చింది. 1530 నాటి దేశ వర్ణన గ్రంథంలోనూ అదే పేరు కనిపిస్తుంది. వందల ఏళ్ళ పాటు అది బాతుల కొలనుగానే ఉండిపోయింది.

1974లో గ్యోంగ్జును పర్యాటక నగరంగా తీర్చిదిద్దే పనుల్లో భాగంగా, ఈ కొలనులో పూడిక తీయడం మొదలుపెట్టారు. ఒట్టి పూడికతీత పనే. కానీ బురదలోంచి పెంకులూ కుండలూ వరసగా రావడంతో పని ఆపి, 1975, 1976 సంవత్సరాల్లో పద్ధతిగా తవ్వారు. దొరికిన వస్తువులు 30 వేలకు పైగా. సిల్లా రాజుల సమాధి దిబ్బల్లో బంగారు కిరీటాలు దొరుకుతాయి. అవి చనిపోయినవారికి తోడుగా ఏరి, కూర్చి పెట్టినవి. కొలనులో దొరికినవి అలాంటివి కావు. చేయి జారినవి, విరిగితే విసిరేసినవి, మందిరం కూలినప్పుడు పడిపోయినవి. భవిష్యత్తులో ఎవరో చూస్తారని వాటినక్కడ పెట్టినవాళ్ళెవరూ లేరు. అందుకే నేను వాటిని ఎక్కువ నమ్ముతాను. గాలి సోకని బురద కర్రను కూడా కుళ్ళనివ్వదు కాబట్టి, నేల మీద ఎక్కడా మిగలని కర్ర వస్తువులు అక్కడ మిగిలాయి.

దాదాపు 6 మీటర్ల కర్రపడవ దొరికింది. కొవ్వొత్తి వత్తి కత్తిరించే కత్తెర దొరికింది. కంచు మీద బంగారు పూత, లతల చెక్కడం, కత్తిరించిన వత్తి కింద పడకుండా పట్టుకునే అంచు కూడా ఉన్నాయి. జపాన్‌లోని నారా నగరపు షోసోయిన్ భాండాగారంలో అచ్చం ఇలాంటి కత్తెరే ఉంది. ఆ రెండు రాజ్యాల మధ్య సరుకులు ఎలా తిరిగాయో చెప్పడానికి ఆ జత చాలు. రాతలున్న కర్రపలకలు పదుల కొద్దీ వచ్చాయి. రాజశాసనాలు కావవి. చాలావాటి మీద ఉన్నది వంటింటి లెక్క. ఏ నెల ఏ రోజున ఏ మాంసం, ఏ చేప ఊరవేశారో రాసి జాడీలకు కట్టిన చీటీలు. కొత్తావకాయ జాడీ మీద తారీఖు రాసిపెట్టే మన అమ్మమ్మల పనే, 8వ శతాబ్దపు రాజు వంటశాలలో ఎవరో పేరు లేని మనిషి చేశాడు.

వీటన్నిటిలో జనం నోళ్ళలో నానిన వస్తువు జుర్యోంగ్గు అనే కర్ర పాచిక. ఎత్తు 4.8 సెంటీమీటర్లు, ఓక్ కర్ర, 14 ముఖాలు. ఆరు ముఖాలు చదరాలు, ఎనిమిది ముఖాలు ఆరు భుజాలవి. ఆకారాలు వేరైనా వాటి వైశాల్యాలు దాదాపు సమానం, కాబట్టి ఏ ముఖం పడే అవకాశమైనా ఇంచుమించు ఒకటే. దాన్ని చెక్కినవాడికి లెక్క తెలుసు. ఒక్కో ముఖం మీద నాలుగైదు చైనా అక్షరాల్లో ఒక్కో ఆజ్ఞ ఉంది. విందులో పాచిక వేసినవాడు తనకు పడింది చేసి తీరాలి. మూడు గిన్నెల మద్యం ఒక్క దమ్మున తాగాలి. చప్పుడు లేకుండా ఆడాలి. తనకు తానే పాడుకుని తనకు తానే తాగాలి. ముఖం మీద ఎవరు చక్కిలిగింతలు పెట్టినా కదలకూడదు. అందరూ ముక్కు మీద కొడుతుంటే ఊరుకోవాలి. ఇష్టమైనవాళ్ళను పిలిచి పాట పాడించుకోవచ్చు. పద్యం చదవాలి. తాగి పెద్దగా నవ్వాలి. సమ్గుక్ సాగి నిండా రాజులు ఏడుస్తారు, బోధిస్తారు, యుద్ధం చేస్తారు. మంత్రి ముక్కు మీద తోటి మంత్రి వేళ్ళతో కొట్టిన సంగతి ఏ పండితుడూ రాయలేదు. ఈ పాచికే చెప్పింది.

అసలు పాచిక ఇప్పుడు లేదు. 1,200 ఏళ్ళకు పైగా నీటిలో నానిన కర్రను ఉన్నట్టుండి ఆరబెడితే చీలిపోతుంది. అందుకని నెమ్మదిగా ఆరబెట్టే యంత్రంలో పెట్టారు. యంత్రం వేడెక్కిపోయి పాచిక కాలిపోయింది. అప్పటికే తీసిన కొలతలను బట్టి చేసిన నకళ్ళే ఇప్పుడు మనం చూసేవి. ఆ సంగతి మొదట చదివినప్పుడు నాకు నిజంగానే గుండె కలుక్కుమంది. నీళ్ళు కాపాడినదాన్ని మనుషులు ఒక్క పూటలో పోగొట్టుకున్నారు. కానీ ఆ తప్పును దాచకుండా చెప్పినందుకు అక్కడి వాళ్ళ మీద గౌరవం కూడా కలిగింది. నీటి అడుగున దొరికే కర్రను ఎలా కాపాడాలన్నది ఇప్పటికీ పురావస్తుశాఖలన్నిటికీ కష్టమైన విద్యే.

దొరికిన మట్టిగిన్నెల్లో కొన్నిటి మీద నాగరాజు పేరు గీసి ఉంది. నీటికి అధిదేవతగా వాళ్ళు కొలిచే డ్రాగన్ రాజు ఆయన. కొలను గట్టున ఆయనకు పూజలు జరిగేవని పండితుల అభిప్రాయం. యువరాజు కొలువులో ఆ దేవుడి పేరుతో ఒక విభాగం ఉన్నట్టు సమ్గుక్ సాగిలోనూ ఉంది. అదే జాబితాలో వోల్జీ అనే పేరూ ఉంది. అంటే వెన్నెల కొలను. సిల్లా వాళ్ళు ఈ నీటిని పిలుచుకున్న పేరు అదేనని పండితులు ఒప్పుకున్నాక, 2011లో ఈ స్థలం పేరును అధికారికంగా దోంగ్గుంగ్, వోల్జీ అని మార్చారు. ఊరి పెద్దవాళ్ళు మాత్రం ఇంకా అనప్జీ అనే అంటారు.

తవ్వకాలు ఇంకా ఆగలేదు. తూర్పు వైపున 2016లో రెండు చిన్న బంగారు ముక్కలు 20 మీటర్ల ఎడంలో నలిగి దొరికాయి. విప్పి చూస్తే రెండూ ఒకే రేకు ముక్కలు. బరువు 0.3 గ్రాములు, మందం 0.04 మిల్లీమీటర్లు. దాని మీద పూల మధ్య రెండు పక్షుల్ని వెంట్రుక కంటే సన్నని గీతలతో చెక్కారు. భూతద్దం లేకుండా ఆ గీతలు కంటికి ఆనవు. ఏ కళ్ళతో చెక్కారో మరి. 2017లో ఆ పక్కనే నీటితో శుభ్రపరిచే ఏర్పాటున్న రాతి మరుగుదొడ్డి బయటపడింది.

2025 ఫిబ్రవరిలో కొరియా వారసత్వ శాఖ ఇంకో మాట చెప్పింది. యువరాజు ప్రాసాదం కొలనుకు పడమటి గట్టునే ఉండేదని ఇన్నాళ్ళూ అనుకున్నారు కదా, అది నిజానికి తూర్పున ఉండేదట. పడమటి గట్టున ఎత్తైన అరుగు మీద బయటపడిన పెద్ద కట్టడం రాజుదే కావాలని, తూర్పున అంతకంటే దిగువన ఉన్నది యువరాజుదని వాళ్ళు లెక్క తేల్చారు. నలభై ఏళ్ళకు పైగా పుస్తకాల్లో ఉన్న పటం మారిపోతోంది. కొడుకు ఇల్లు తండ్రికి ఎదురుగా, నీటికి అవతల ఉండేదని తెలిశాక 935లో వాళ్ళిద్దరి మధ్య జరిగిన వాదన నాకు మరింత స్పష్టంగా వినిపిస్తోంది.

గ్యోంగ్జు పక్కనే ఉల్సాన్, కార్లూ ఓడలూ తయారయ్యే నగరం. పెనుకొండలో కొరియా కార్ల కర్మాగారం వచ్చాక మన వాళ్ళకూ ఆ దేశంతో రాకపోకలు పెరిగాయి. చదువుకో ఉద్యోగానికో అక్కడికి వెళ్ళినవాళ్ళు ఈ కొలనుకు ఒక సాయంత్రం కేటాయించండి. రాత్రి దీపాలతో మెరిసే మూడు మంటపాల ముందు జనం ఫోటోల కోసం బారులు తీరి ఉంటారు. మంటపాలు అందమైనవే, కానీ అవి 1980లో కట్టినవి. మీరు ఇంకా వెలుతురు ఉండగానే వెళ్ళి, గట్టు వెంట ఆగ్నేయ మూలకు నడవండి. అక్కడి రెండు రాతితొట్లు సిల్లా మనుషులు తొలిచినవి. ఆ తర్వాత ఉత్తరం గట్టుకు వెళ్ళి తూము ఎక్కడుందో చూడండి. గ్యోంగ్జు జాతీయ మ్యూజియం నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది. ఈ కొలనులో దొరికిన వస్తువుల కోసమే అక్కడ ఒక భవనం కట్టారు, కత్తెర అందులోనే ఉంటుంది.